ఏ పనికి ఏ ప్లాస్టిక్? డబ్బా తిరగేసి చూసి కొనడం ఎలా

పోయిన మే నెలలో మా పిన్ని ఫోన్ చేసింది. "ఆవకాయ కలిపాన్రా. జాడీ నిండిపోయింది, ఇంకో రెండు కిలోలు మిగిలింది. గాజులా మెరిసే ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది, పాలరంగులో మసకగా ఉండేది ఇంకోటుంది. దేంట్లో పెట్టమంటావ్?" రెండూ తిరగేసి, అడుగున త్రికోణంలో ఏ అంకె ఉందో చూడమన్నాను. మెరిసేదానికి 1, మసకదానికి 5. "అయితే ఒకటే మంచిది కదా, ఫస్టు ర్యాంకు" అంది.

చాలామంది పొరబడేది అక్కడే. అది ర్యాంకు కాదు, మార్కూ కాదు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ఒకటి ఆ అంకెల్ని తెచ్చింది. పాత ప్లాస్టిక్‌ను ఏరి వేరు చేసేవాళ్లకు ఏది ఏ రకమో తెలియాలని పెట్టిన గుర్తు అది. మంచిదా చెడ్డదా అన్న సంగతి అందులో లేదు. అయినా కొనేవాడికి అంతకంటే పనికొచ్చే గుర్తు ఇంకోటి లేదు. ఎందుకంటే ఎదురుగా ఉన్న వస్తువు దేనితో చేశారో తెలిస్తే, అది దేనికి తట్టుకుంటుందో, దేనికి లొంగిపోతుందో తెలిసిపోతుంది.

నేను పదిహేనేళ్లుగా మోల్డింగ్ పనిలో ఉన్నాను. దానా, అంటే ప్లాస్టిక్ గింజలు, మెషీన్‌లో పోస్తాం, కరుగుతుంది, అచ్చులోకి వెళ్తుంది, చల్లారి మగ్గు అయినా మూత అయినా అయి బయటికొస్తుంది. సరిగ్గా రాని మగ్గును పొడి చేసి మళ్లీ పోస్తే మళ్లీ కరుగుతుంది. ఇలా ఎన్నిసార్లయినా వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడేవే థర్మోప్లాస్టిక్‌లు. బెల్లం పాకం లాంటివన్నమాట. కుక్కర్ పిడికి వాడే బేకలైటు, హోటళ్లలో కనిపించే మెలమైన్ ప్లేట్లు ఈ జాతివి కావు. అవి కోడిగుడ్డు లాంటివి. ఒకసారి ఉడికి గట్టిపడ్డాక ఎంత కాల్చినా మాడతాయి గానీ కరగవు.

పాకానికి ఉన్న గుణమే దాని బలహీనత కూడా. ప్రతి థర్మోప్లాస్టిక్‌కూ తాను లొంగిపోయే వేడి ఒకటి ఉంటుంది. దానికి తోడు ఎండ ఒక శత్రువు, నూనె ఒక శత్రువు. కొనేముందు నేను అడిగేది ఇదొక్కటే: ఈ వస్తువు మీ ఇంట్లో ఎదుర్కోబోయేది వేడినా, ఎండనా, నూనెనా? దానికి జవాబు చెబితే ఏ ప్లాస్టిక్ కొనాలో దాదాపు తేలిపోతుంది.

ముందు అంకెలు ఒకసారి గబగబా చూసేద్దాం. 1 అంటే పెట్: నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు, పారదర్శకంగా ఉండే పచ్చడి డబ్బాలు. 2 హెచ్‌డీపీఈ, పాలీఎథిలిన్‌లో గట్టి రకం: ఫినాయిల్ సీసాలు, ఇంజినాయిల్ డబ్బాలు, నల్ల పైపులు. 3 పీవీసీ: పైపులు, వైర్ల మీది తొడుగు, బాత్రూం తలుపులు. 4 ఎల్‌డీపీఈ, పాలీఎథిలిన్‌లోనే మెత్తటి రకం: మెత్తటి కవర్లు, పాల ప్యాకెట్లు. 5 పాలీప్రొపైలిన్, మా వాళ్ల నోట్లో పీపీ: టిఫిన్ డబ్బాలు, కుర్చీలు, షాంపూ సీసాల మూతలు. 6 పాలీస్టైరిన్: పెళుసుగా ఉండే పారదర్శక గ్లాసులు, థర్మోకోల్. మిగిలినవన్నీ 7. ఇది ఒక రకం కాదు, కలగూరగంప. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌కు వాడే పాలికార్బొనేట్ ఇందులోదే, మిక్సీ బాడీకి వాడే ఏబీఎస్ ఇందులోదే, చేపల వలలకు వాడే నైలానూ ఇందులోదే. అందుకే 7 కనిపిస్తే ఆగి, "ఇది ఏ రకం?" అని అడగాలి.

వంటింట్లో

మా పిన్ని ప్రశ్నకే వద్దాం. ఆవకాయకు నేను 1 చెప్పాను, 5 కాదు. కారణం నూనె. పీపీ డబ్బాలో ఒక్క నెల ఆవకాయ పెట్టి ఖాళీ చేసి చూడండి. ఎంత తోమినా లోపల ఎర్రటి చార, ఆవ వాసన పోవు. అది మురికి కాదు. కారంలోని రంగు, పసుపులోని రంగు నూనెలో కలుస్తాయి. పీపీ కూడా నూనె స్వభావమే ఉన్న పదార్థం కాబట్టి ఆ నూనెతో పాటు రంగు గోడలోకి ఇంకిపోతుంది. హెచ్‌డీపీఈదీ అదే కథ. పెట్ అలా కాదు. నూనెను లోపలికి రానివ్వదు, గాలిని కూడా పీపీ కంటే చాలా బాగా ఆపుతుంది. సోడాలో గ్యాస్ నెలల తరబడి నిలబడేది ఆ గుణం వల్లే. పచ్చడి కనరు వాసన వచ్చేది గాలి తగిలితేనే కదా.

కానీ పెట్‌కు వేడి పడదు. 70, 80 డిగ్రీల దగ్గరే అది మెత్తబడటం మొదలవుతుంది. ఖాళీ నీళ్ల సీసాలో వేడినీళ్లు పోసినవాళ్లకు తెలుసు, కళ్ల ముందే ముడుచుకుపోయి నడుము వంగిపోతుంది. కాబట్టి గోంగూర పచ్చడికి వేడి వేడి పోపు వేసి అలాగే పెట్ డబ్బాలోకి ఎత్తకండి. పూర్తిగా చల్లారాక ఎత్తండి. ఇంకో మాట కూడా చెప్పాలి: ఏడాది పొడుగునా ఉండాల్సిన ఆవకాయకు జాడీని, గాజు సీసాను మించింది లేదు. ఉప్పు, పులుపు, ఆవఘాటు, నూనె అన్నీ కలిసి ఏడాది పాటు ఒకచోట కూర్చునే పచ్చడి అది. పెట్ డబ్బా రెండు మూడు నెలల్లో తినేసే వాటాకు బాగుంటుంది. మా పిన్నికి ఆ రెండు కిలోలు అలాంటివే, ఉగ్గిన్నెడు ఉగ్గిన్నెడుగా పక్కింటివాళ్లకు పోయేవి.

వేడి తగిలే చోట మాత్రం 5ను మించింది లేదు. పీపీ కరిగేది 160 డిగ్రీలు దాటాకే. మరుగుతున్న పప్పుచారు పోసినా డబ్బా ఆకారం చెడదు. పిల్లల టిఫిన్ డబ్బా, మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టే డబ్బా కొనాలంటే అడుగున 5 ఉండాలి, దాంతో పాటు మైక్రోవేవ్ గుర్తు కూడా ఉండాలి. ఉన్నా సరే, నూనె ఎక్కువ తేలే కూరను, పాకం ఉన్న స్వీటును అందులో వేడి చేయొద్దంటాను. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆవిరై ఆగిపోతాయి, నూనె, చక్కెర ఆగవు. ఓవెన్‌లోంచి తీసిన డబ్బా గోడ మీద, కూర మట్టం దగ్గర, గరుకుగా తెల్లటి గుంటలు పడి ఉండటం ఎప్పుడైనా గమనించారా? నూనె తేలిన చోట ప్లాస్టిక్ ఉపరితలం కరిగి చెడిందన్నమాట. అలాంటి డబ్బాను అన్నానికి వాడకండి. మేకులు, స్క్రూలు పోసుకోండి. స్టీలు గిన్నె ఓవెన్‌లో పెట్టలేం కాబట్టి, వేడి చేయడానికి గాజు గిన్నె ఒకటి కొని పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

పీపీకి ఒక చలి బలహీనత ఉంది. మామూలు రకం పీపీ డీప్ ఫ్రీజర్‌లో పెళుసుబారుతుంది. గడ్డకట్టిన డబ్బా చేజారితే గాజులా పగులుతుంది. ఫ్రీజర్ కోసం కొంటుంటే పీపీలోనే కోపాలిమర్ అనే రకం అడగండి, మా దానా వ్యాపారులు పీపీసీపీ అంటారు. లేదా హెచ్‌డీపీఈ డబ్బా తీసుకోండి. పాలీఎథిలిన్ కుటుంబానికి చలి అంటే లెక్కే లేదు.

6వ అంకె ఉన్నదాన్ని వంటింట్లోకే రానివ్వను. ముట్టుకుంటే టక్ మని పగులుతుంది, నూనె తగిలితే చిన్న చిన్న బీటలు తీస్తుంది, నూరు డిగ్రీల లోపే మెత్తబడుతుంది. పాలీస్టైరిన్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల లాంటి ఒకసారి వాడి పారేసే వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఆ జాబితాలోనే ఉంది.

వేడి సాంబారు కవర్లో కట్టించుకురావడం గురించి చెప్పకపోతే ఈ వంటింటి మాట పూర్తి కాదు. కవర్లు మూడు రకాలు. గరగరలాడేది హెచ్‌డీపీఈ, షాపుల్లో హెచ్‌ఎం కవరు అంటారు. జారుగా మెత్తగా ఉండేది ఎల్‌డీపీఈ. అద్దంలా తళతళలాడి, ఒకసారి చిరిగితే నిలువునా చీలిపోయేది పీపీ, చొక్కాల ప్యాకింగ్‌కు వాడేది. వేడికి ఎక్కువ తట్టుకునేది మూడోదే. కానీ హోటల్లో ఏది చేతికొస్తే అది వాడతారు. ఎల్‌డీపీఈ 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే వదులైపోతుంది. మరుగుతున్న సాంబారు, నూనె తేలే కూర, టీ అందులో పోస్తే ప్లాస్టిక్‌లో కలిపిన మందులు కొద్దో గొప్పో ఆహారంలోకి దిగే అవకాశం పెరుగుతుంది. వేడి, నూనె, పలచని గోడ మూడూ ఒకేచోట కలిసిన సందర్భం అది. ఇందులో ఏ కవరు మేలని నేను పోల్చి చెప్పను. స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి. మా ఇంట్లో బండి డిక్కీలో ఒక మూడు గిన్నెల క్యారియర్ ఎప్పుడూ ఉంటుంది.

తాగేనీళ్లు

ఇరవై లీటర్ల క్యాన్లు రెండు రకాలు వస్తున్నాయి. నీలి ఛాయతో, కొడితే ఖంగుమనేంత గట్టిగా ఉండేది పాలికార్బొనేట్. కాస్త తేలిగ్గా, నొక్కితే లోపలికి పోయేది పెట్. పాలికార్బొనేట్ దెబ్బకు తిరుగులేనిది. ఆటోలోంచి కిందపడ్డా పగలదు, ఎన్నోసార్లు తిరిగి నింపుకోవచ్చు, వ్యాపారులకు నచ్చేది అందుకే. దీని మీద ఉన్న ఆందోళన బిస్ఫినాల్ ఏ అనే రసాయనం గురించి. పాలికార్బొనేట్ తయారయ్యేదే దాంతో. వేడి తగిలినా, పాతబడి గీతలు పడినా అది కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. పసిపిల్లల పాలసీసాలకు పాలికార్బొనేట్ వాడకుండా యూరప్ దేశాలు 2011లోనే ఆపేశాయి, వస్తువులకు ప్రమాణాలు పెట్టే మన ప్రభుత్వ సంస్థ బీఐఎస్ ప్రమాణం కూడా పాలసీసాలకు దాన్ని ఒప్పుకోదు. కాబట్టి పాలసీసా విషయంలో ఆలోచించడానికే ఏమీ లేదు: గాజు, లేదంటే 5వ అంకె పీపీ.

క్యాన్ విషయంలో నా సలహా రకం గురించి కంటే ఎండ గురించి ఎక్కువ. ట్రాలీ ఆటో మీద మిట్టమధ్యాహ్నం ఎండలో క్యాన్లు వరసగా పేర్చి తిరిగేవాడి దగ్గర కొనకండి. గీతలు పడి తెల్లబారిన క్యాన్ వస్తే తిప్పి పంపండి. అడగడానికి మొహమాటపడకండి, డబ్బులిచ్చి కొంటున్నాం.

ఇంట్లో రోజూ వాడే సీసాకు మాత్రం, కూల్‌డ్రింకు తాగేసిన సీసాను ఏడాది పాటు ఫ్రిజ్‌లో పెట్టి వాడే అలవాటు మానాలి. దాని మూతి ఇరుకు, లోపల తోమలేం, అడుగున పాచి పడుతుంది. స్టీలు సీసా కొనండి. ప్లాస్టిక్కే కావాలంటే, చెయ్యి దూరేంత వెడల్పు మూతి ఉన్న 5వ అంకె సీసా.

పైపులు: ఇక్కడ తప్పు చేస్తే గోడ పగలగొట్టాలి

కిలోల లెక్కన చూస్తే ఇంట్లో అన్నింటికంటే ఎక్కువ ప్లాస్టిక్ ఉండేది గోడల్లోనే. డబ్బా తప్పు కొంటే పారేస్తాం. పైపు తప్పు వేస్తే టైల్స్ పగలగొట్టాలి. మా ఇంట్లో అదే జరిగింది. నేను వేరే ఊళ్లో పనిలో ఉండగా ప్లంబర్ గీజర్ నుంచి షవర్‌కు వెళ్లే లైను కూడా మామూలు తెల్ల యూపీవీసీతోనే (మెత్తబరిచే మందు కలపని గట్టి పీవీసీ) వేసేశాడు. ఆరు నెలలు బాగానే ఉంది. చలికాలం వచ్చి రోజూ గీజర్ వాడేసరికి గోడకు చెమ్మ కనిపించింది. పగలగొట్టి చూస్తే, రెండు క్లాంపుల మధ్య పైపు వడలిన తోటకూర కాడలా కిందికి వంగి ఉంది, ఎల్బో దగ్గర అతుకు ఊడి వచ్చింది. పైపు నాణ్యమైనదే. తప్పు దానిది కాదు, దానికి అప్పగించిన పనిది.

యూపీవీసీకి వేడి ఎక్కేకొద్దీ బలం తగ్గిపోతుంది. మన ప్రమాణంలో ఆ పైపు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పేది 27 డిగ్రీల నీళ్లను లెక్కలో పెట్టుకుని. 80 డిగ్రీల దగ్గరికి వస్తే అది మెత్తబడిపోతుంది. గీజర్ నీళ్లు సులువుగా 60, 70 డిగ్రీలుంటాయి. సీపీవీసీ అంటే అదే పీవీసీకి అదనంగా క్లోరిన్ ఎక్కించినది. మామూలు పీవీసీలో బరువులో 57 శాతం దాకా క్లోరిన్ ఉంటే ఇందులో 63 శాతం పైన ఉంటుంది. ఆ తేడాతోనే 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. లేత మీగడ రంగులో ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఖరీదు ఎక్కువే. అందుకే వేడినీళ్ల లైనుకు సీపీవీసీ, చన్నీళ్ల లైనుకు యూపీవీసీ, వాడిన నీళ్లు బయటికి పోయే లైనుకు డ్రైనేజీ పైపు, ఇలా విడగొట్టుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. బాత్రూంలో మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఇచ్చే కుళాయి, ఉంటే మాత్రం చన్నీళ్ల వైపు కూడా సీపీవీసీయే వేయించండి. మిక్సర్ పాడైనప్పుడు వేడినీళ్లు అటువైపు ఎదురెక్కడం నేను చూశాను.

మూడు జాగ్రత్తలు. సీపీవీసీకి దాని జిగురు వేరు, యూపీవీసీ జిగురుతో అతికించనివ్వొద్దు. ప్లంబర్ చేతిలో డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. రెండోది, డాబా మీద ఎండలో ఉన్న సీపీవీసీకి నీళ్లలో కలిసే పెయింటు వేయించండి, లేకపోతే కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. సోలార్ హీటర్ ఉన్నవాళ్లు, వేసవిలో వాడకుండా వదిలేస్తే అందులో నీళ్లు 90 దాటొచ్చు కాబట్టి, ట్యాంకు నుంచి వచ్చే మొదటి కొన్ని అడుగులు ఇనుప పైపు వేయించుకోవడం మేలు. నేనైతే అలాగే వేయించాను. మూడోది తాగేనీళ్ల లైను గురించి. పీవీసీ వేడికి చెడకుండా అందులో కలిపే మందుల్ని స్టెబిలైజర్లు అంటారు; పైపుల్లో సీసం ఉన్న స్టెబిలైజర్ల వాడకాన్ని అరికట్టేందుకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పైపు మీద సీసం లేదన్న ముద్ర, ఐఎస్ఐ గుర్తు రెండూ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.

ఆకుపచ్చ రంగులో దళసరిగా ఉండే పీపీఆర్ పైపు, పీపీలోనే ఒక రకం, ఇంకో దారి. జిగురు ఉండదు. 260 డిగ్రీల వేడి మెషీన్‌తో పైపును, ఫిట్టింగును కరిగించి ఒకదాన్లో ఒకటి దూరుస్తారు, చల్లారాక రెండూ ఒకటే వస్తువైపోతాయి. అతుకు లీకయ్యే మాట దాదాపు ఉండదు. కానీ ఆ మెషీన్ ఉన్నవాడు, పని వచ్చినవాడు మీ ఊళ్లో దొరకాలి, రేపు రిపేరు వస్తే వాడే మళ్లీ రావాలి. చిన్న ఊళ్లో ఉంటే సీపీవీసీయే సుఖం.

ఎండలో ఉండేవి

డాబా మీద ట్యాంకును మనం ఏ కంపెనీదైనా సింటెక్స్ అనే అంటాం. అది పాలీఎథిలిన్‌లోనే ఎల్‌ఎల్‌డీపీఈ అనే రకం. అచ్చును పొయ్యి మీద నెమ్మదిగా తిప్పుతూ చేస్తారు, అందుకే అతుకులుండవు. కొనేటప్పుడు మూత తీసి లోపలికి చూడండి. బయట తెలుపైనా ఏ రంగైనా, గోడలో ఒక నల్ల పొర ఉండాలి. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది, దాన్ని ఆపేది ఆ నలుపే. మన ఎండలకు బయట తెలుపు, మధ్యలో నురగ పొర ఉన్నది తీసుకుంటే మే నెలలో నీళ్లు అంతగా కాగవు. ఐఎస్ 12701 అని ముద్ర ఉందా అని చూడండి, ఇలాంటి ట్యాంకులకు మన ప్రమాణం నంబరు అది. ట్యాంకు అడుగు మొత్తం చదునైన దిమ్మ మీద కూర్చోవాలి. నాలుగు ఇటుకల మీద కూర్చోబెట్టిన ట్యాంకు ఎంత మంచి కంపెనీదైనా పగులుతుంది.

ప్లాస్టిక్ కుర్చీలు పీపీ. పీపీకి ఎండ పడదు. డాబా మీద రెండు వేసవులు వదిలేసిన కుర్చీ మీద చెయ్యి రాస్తే సుద్దపొడిలా తెల్లగా అంటుకుంటుంది. ఆ కుర్చీ లోపల అప్పటికే బలం పోయింది. ఫ్యాను తుడవడానికి దాని మీద ఎక్కకండి. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను దాని మీద కూర్చోనివ్వకండి. కాలు చటుక్కున విరుగుతుంది, ముందు వంగి హెచ్చరించదు. బయట వేసుకోవడానికి కొంటే ఎండను తట్టుకునే మందు కలిపినదా అని అడిగి కొనండి, నీడలోనే వేయండి.

కారు షెడ్డు మీద వేసే పారదర్శక రేకుల్ని అందరూ ఫైబర్ షీటు అంటారు గానీ అక్కడ రెండు వేర్వేరు వస్తువులున్నాయి. అసలు ఫైబర్ షీటు గాజుపోగులతో చేసింది, థర్మోప్లాస్టిక్ కాదు. ఏళ్లు గడిస్తే పోగులు బయటికి లేచి చేతికి గుచ్చుకుంటాయి. పాలికార్బొనేట్ షీటు దెబ్బకు గట్టిది, వడగళ్లకు చెదరదు, ఖరీదు ఎక్కువ. దానికి ఒక ముఖానికే ఎండను ఆపే పూత ఉంటుంది, ఆ వైపు అంటించిన పల్చటి కాగితం మీద రాసి ఉంటుంది. ఆ వైపు ఆకాశానికే ఉండాలి. పనివాళ్లు ముందే కాగితం పీకేసి ఏ వైపు పడితే ఆ వైపు బిగిస్తే రెండు మూడేళ్లలో పచ్చబడి పెళుసవుతుంది. బిగించేరోజు దగ్గరుండండి, ఒక్క అరగంట చాలు.

పొలంలో

రైతుల దగ్గర పైపు లెక్క కేజీల్లో ఉంటుంది: నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు. అది బరువు కాదు, చదరపు సెంటీమీటరుకు తట్టుకునే ఒత్తిడి. బోరు నుంచి పొలం దాకా భూమిలో పాతే లైనుకు ఆరు కేజీల యూపీవీసీ వేస్తే నిశ్చింత. మోటారు ఎక్కువ ఎత్తుకు తోస్తుంటే పది కేజీలు కావాలి. పైపు భూమిపైన ఎండలోనే పడి ఉంటుందనుకుంటే యూపీవీసీ వద్దు, నల్ల హెచ్‌డీపీఈ తీసుకోండి. ఆ నలుపు రంగు కోసం వేసింది కాదు. రెండు, మూడు శాతం మసి కలుపుతారు, ఎండను మింగేసి ప్లాస్టిక్‌ను కాపాడేది ఆ మసే. బోరులో దింపే పైపుకు కూడా హెచ్‌డీపీఈ చుట్టకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. మోటారు కాలిపోతే కప్పీలూ గొలుసులూ అక్కర్లేకుండా నలుగురు చేతులతోనే లాగేస్తారు. మరీ లోతు బోరైతే మాత్రం మర చుట్టు ఉన్న యూపీవీసీ కాలమ్ పైపు నమ్మకం.

డ్రిప్ పైపు ఎల్‌ఎల్‌డీపీఈ, 16 ఎంఎం ఎక్కువగా వాడతారు. మొక్కల మొదళ్ల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీటూ అదే జాతి. వెండి రంగు ముఖం పైకి, నలుపు కిందికి వేయాలి, వెండి ఎండను తిప్పికొడుతుంది, నలుపు కలుపును మొలవనివ్వదు. మరీ పలచని షీటు కొంటే పంట అయిపోయాక పీకేటప్పుడు ముక్కలుముక్కలుగా మట్టిలోనే ఉండిపోతుంది. పది రూపాయలు ఎక్కువైనా 25 మైక్రాన్ల పైనదే తీసుకోండి, చివరిదాకా ఒకే ముక్కగా చుట్టి తీయగలిగినదే మంచి షీటు.

మిర్చి ఆరబెట్టడానికి, ధాన్యం మీద కప్పడానికి పట్టాలు కొనేటప్పుడు రంగు చూడకండి. వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. అల్లిక కనిపిస్తూ సూదిబెజ్జాలు మెరిస్తే అది నీళ్లు ఆపదు. కాకినాడ, విశాఖ తీరంలో జాలర్లను అడిగితే ఇదే పోలిక ఇంకో రకంగా చెబుతారు. నైలాను నీళ్లలో మునుగుతుంది, సాగుతుంది, కంటికి కనపడదు కాబట్టి చేప చిక్కుకునే వల దాంతో. పీపీ తాడు తేలుతుంది కాబట్టి వల పైఅంచును పట్టుకునే తాడు దాంతో. ఒకే వలలో రెండు ప్లాస్టిక్‌లు, ఒకటి మునగాలి, ఇంకోటి తేలాలి.

హెల్మెట్

దీని గురించి ఒక్క మాటైనా చెప్పాలి. పై గుల్ల ఏబీఎస్ గానీ పాలికార్బొనేట్ గానీ ఉంటుంది. తలను కాపాడేది మాత్రం లోపలున్న థర్మోకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. కాబట్టి గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి. హెల్మెట్‌ను పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవకండి. ఆ ద్రావకాలు గుల్లలో కంటికి కనపడని బీటలు తెస్తాయి. ఐఎస్ఐ గుర్తు లేనిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

షాపులో నిలబడి తేల్చుకోవడం

అంకె లేని వస్తువులు చాలా ఉంటాయి. అప్పుడు నేను చేసేవి కొన్ని. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను. కొత్త దానాతో చేసినదానికి దాదాపు వాసన ఉండదు. పాత సామాను కరిగించి చేసినదానికి మాడువాసనో, సబ్బు వాసనో వస్తుంది. రంగు చూస్తాను. నలుపు, ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగుల్లో ఉన్నవాటిలో పాత సరుకు దాచడం తేలిక. స్నానాల గదిలో మగ్గుకు, మొక్కల కుండీకి అది తప్పేమీ కాదు, పైగా మంచిదే, చెత్త తగ్గుతుంది. అన్నం పెట్టే డబ్బాకు మాత్రం లేత రంగే తీసుకుంటాను. అంచును వేలితో వంచి చూస్తాను. వంచిన చోట తెల్లటి గీత పడి అలాగే ఉండిపోతే అందులో సుద్దపొడి ఎక్కువ కలిపారేమోనని అనుమానిస్తాను.

బకెట్ కొనేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోండి: చలికాలం ఇందులో వాటర్ హీటర్ రాడ్ పెడతారా? పెడితే దళసరి పీపీ బకెట్ కావాలి, హెచ్‌డీపీఈది తొందరగా మెత్తబడుతుంది. అయినా రాడ్ గోడకు తగిలితే ఏదైనా కరిగి బొక్క పడుతుంది. బకెట్ మీద అడ్డంగా ఒక కర్ర వేసి, రాడ్‌ను నడిమధ్యకు వేలాడదీయండి. స్విచ్ ఆపి ప్లగ్గు పీకేదాకా నీళ్లలో వేలు పెట్టొద్దు.

ఇంటికొచ్చాక తేల్చుకోవాలంటే నీళ్ల పరీక్ష ఉంది. చిన్న ముక్క కోసి నీళ్లలో వేసి, బుడగలు అంటుకోకుండా వేలితో ముంచి వదలండి. పైకి తేలితే అది పాలీఎథిలిన్ గానీ పీపీ గానీ. మునిగితే పెట్, పీవీసీ, పాలీస్టైరిన్ లాంటివాటిలో ఒకటి. నీళ్ల సీసాతోనే చేసి చూపిస్తే పిల్లలకు భలే నచ్చుతుంది: సీసా ముక్క మునుగుతుంది, దాని మూత ముక్క తేలుతుంది. కాల్చి వాసన చూసే పరీక్ష మా వర్క్‌షాపులో చేస్తాం గానీ ఇంట్లో వద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది, ఊపిరితిత్తులను మండిస్తుంది. చలిమంటలో పాత వైర్లు, పైపు ముక్కలు వేసేవాళ్లు కనిపిస్తే అక్కడే ఆపండి, పిల్లల్ని పక్కకు తీసుకెళ్లండి.